బకెట్టుకు చెప్పిన మాటలు

తొమ్మిది కుర్చీలు గుండ్రంగా వేయడం కంటే రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయడం కష్టమని శాంతమ్మ చెప్తే ఎవరూ నమ్మరు. మరీ ఎదురుగా వేస్తే పోలీస్ స్టేషన్‌లా ఉంటుందంటాడు శ్రీకాంత్ సార్. పక్కపక్కన వేస్తే బస్సులో సీట్లలా ఉంటుంది. గోడ గడియారంలో పదీ పది అయినప్పుడు ముళ్లు ఎలా ఉంటాయో అలా, కొంచెం విచ్చుకుని, కొంచెం మొగ్గి ఉండాలి. మోకాళ్లు తగలకూడదు, మాట మాత్రం తగలాలి. మధ్యలో చిన్న బల్ల, దాని మీద కాగితపు రుమాళ్ల డబ్బా. ఆ డబ్బా వచ్చినవాళ్ల చేతికి అందాలి గానీ కంటికి కొట్టకూడదు. కంటికి కొడితే 'ఏడువు' అని చెప్పినట్టు ఉంటుందట.

శాంతమ్మ ఒక కుర్చీని బెత్తెడు వెనక్కి జరిపింది. గుమ్మం దాకా నడిచి చూసింది. మళ్లీ వచ్చి రెండు వేళ్లు ముందుకు జరిపింది. తొమ్మిదిన్నరయింది.

అజీజ్‌నగర్‌లో పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే కనబడే ఈ తెల్ల బంగ్లాకు గేటు మీద ఇంగ్లీషులో నాజూకైన పేరేదో ఉంది. ఆటోవాళ్లు మాత్రం 'మాటల బంగ్లా' అంటారు. మందుల్లేవు, సూదుల్లేవు, మనసు బాగాలేక వచ్చి కారు దిగినవాళ్లు గంటసేపు మాట్లాడి కారెక్కి పోతారు. ఆరేళ్ల నుంచి ఇక్కడ ఊడ్చేదీ, తుడిచేదీ, కుర్చీలు వేసేదీ, టీ పెట్టేదీ శాంతమ్మే. అంతకుముందు ఇరవై ఏళ్లు ఇదే నేల మీద పూలు కోసింది. ఇప్పుడు రెండో గది ఉన్నచోట చామంతి మడి ఉండేది, ఆఫీసు గది కింద గులాబీలు ఉండేవి. ఆ ముళ్లు గుచ్చుకున్న వేలికొనలు ఇప్పటికీ గరుకే. గంపలు మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి జారిపోయింది. అందుకే ఆవిడ నిలబడి చూస్తుంటే దేన్నో అనుమానిస్తున్నట్టే ఉంటుంది. ఏ గదిలో ఏ పని జరుగుతుందో తెల్లబోర్డు మీద వెన్నెల మేడమ్ పొద్దున్నే చుక్కలతో గీసి పెడుతుంది. రెండు చుక్కలంటే ఇద్దరు. మూడు చుక్కలంటే మొగుడూ పెళ్లాం, మధ్యలో మేడమ్. గుండ్రంగా చుక్కలుంటే గుంపు. ఒక చుక్కా ఒక సున్నా ఉంటే ఖాళీ కుర్చీ.

ఖాళీ కుర్చీ దగ్గర శాంతమ్మ మొదట్లో తప్పు చేసింది. రెండో మనిషి ఆలస్యంగా వస్తాడేమో అనుకుని, ఆ కుర్చీ ముందు కూడా ఒక టీ పెట్టి వచ్చింది. ఎదుటి కుర్చీలో కూర్చున్న పెద్దాయన, చనిపోయిన తన అన్నతో మాట్లాడటానికి వచ్చినవాడు, ఆవిరి పోతున్న ఆ టీని చూసి అరగంట ఏడ్చాడు. తర్వాత శ్రీకాంత్ సార్ ఆవిణ్ని పిలిచి, "చాలా బాగా పనిచేసింది శాంతమ్మా, ఇంకెప్పుడూ అలా చేయకు" అన్నాడు. ఇంకోసారి గుంపులో ఒకామె తన బాధంతా చెప్పి ముగించగానే, టీ కప్పులు తీస్తున్న శాంతమ్మ అలవాటుగా "ఆమెన్" అంది. ఇళ్లలో పెట్టే ప్రార్థన కూడికల్లో ఎవరు సాక్ష్యం చెప్పినా అలాగే అంటారు మరి. తొమ్మిది మందీ తిరిగి చూశారు. ఒకాయన తనూ "ఆమెన్" అన్నాడు.

ఇన్నేళ్లలో ఇక్కడి మాటలు తనకు పనికొస్తాయని ఆవిడకు ఎన్నడూ తోచలేదు. ఈరోజు తోచింది. ఎందుకంటే ఈరోజు సాయంత్రం ఐదింటికి ఎస్తేరు వెళ్లిపోతుంది.

ఎస్తేరు శాంతమ్మకు యారాలు, మరిది ఆనంద్ బాబు పెళ్లాం. ఎంకపల్లిలో ఒకే వాకిలి, రెండు ఇళ్లు, మధ్యలో ఒక నల్లా. ఆనంద్ బాబు పోయి నాలుగేళ్లయింది. యారాండ్లిద్దరి మధ్యా మాటల్లేక పదకొండేళ్లయింది.

మాటల్లేవంటే మరీ లేవని కాదు. తగాదా అయిన మూడోరోజు నల్లా వచ్చింది. ఎస్తేరు బకెట్టు నిండి నీళ్లు వాకిలంతా పారుతున్నాయి. ఊరుకోలేక శాంతమ్మ, "ఓ బకెట్టూ, నిండితివి గదనే, నీవోళ్లకు చెప్పరాదా?" అంది. ఎస్తేరు గబగబా వచ్చి, "బకెట్టూ, కండ్లున్నోళ్లు జర బంద్ చేస్తే చేతులు అరుగుతయా?" అంది. అలా మొదలైంది. బకెట్టుకే కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పారు, ఎస్తేరు కూతురు ప్రవీణకు సంబంధం కుదిరిందని చెప్పారు. ఆనంద్ బాబు పోయినప్పుడు, "బకెట్టూ, గోడ మీద అన్నం గిన్నె పెట్టిన, సల్లారకముందే తినుమను" అని పదిరోజులు చెప్పింది శాంతమ్మ. ఈలోగా బకెట్లే మూడు మారాయి. నీలంది పగిలింది, ఆకుపచ్చది ఎండకు పెళుసైంది, ఇంకోదాన్ని కోతి ఎత్తుకుపోయింది. ఇప్పుడున్నది ఎర్రది, నాలుగోది. పిడి ఊడిపోతే కరెంటు వైరుతో కట్టింది ఎస్తేరే.

నిన్న సాయంత్రం ఎస్తేరు ఆ బకెట్టుతో అంది: "బకెట్టూ, కిడ్నీలు ఇగ పనిచేయవన్నరు చేవెళ్ల దవాఖానలో. వారానికి మూడుసార్లు రక్తం కడగాల్నంట. రేపు ఐదింటికి ప్రవీణ ఆటో తెస్తది. పటాన్‌చెరుల దాని ఇంట్లనే ఉంటనిగ."

శాంతమ్మ వంగి నల్లా కట్టేసింది. లోపలికి పోయి బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరినవే ఏరింది. ఒక్కసారి, వెళ్లిపోయే ముందు ఒక్కసారి, ఎస్తేరును పేరు పెట్టి పిలిచి ఎదురుగా మాట్లాడాలి. ఏం మాట్లాడాలో, ఎలా మొదలుపెట్టాలో తెలియదు. అయినా ఆరేళ్లుగా మాటల దుకాణంలో పనిచేస్తూ తెలియదంటే ఎలా?

అందుకే పొద్దున పది గంటల మనిషి రాకముందు, శ్రీకాంత్ సార్‌కు టీ ఇస్తూ అడిగింది.

"సార్, తెల్వక అడుగుత. ఈడ ఎన్ని తీర్ల మాటలున్నయి?"

శ్రీకాంత్ సార్ సంతోషించాడు. పాపం, ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. "చూడు శాంతమ్మా, ఒక పద్ధతిలో మన ఆలోచనని కాగితం మీద పెట్టి, అది నిజమేనా, రుజువేంటి అని పరీక్షిస్తాం. ఇంకో పద్ధతిలో చిన్నప్పటి నుంచీ తవ్వుకుంటూ వస్తాం."

"పది గంటల సార్ లెక్క."

"పేర్లొద్దు. ఇంకో పద్ధతుంది, మేం సలహాలేం ఇవ్వం. మనసు పెట్టి వింటాం, అంతే."

"దానికి గూడ ఫీజేనా సార్?"

"దానికే ఎక్కువ," అన్నాడు సార్. అబద్ధం ఆడటం రాని మనిషి. "ఇంతకీ ఎవరికోసం?"

"నా ఎరుకలున్న ఇద్దరు యారాండ్లున్నరు. మాట్లాడుకోరు."

"అయితే ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టాలి. ఆమెను ఒకసారి తీసుకురా."

"తీసుకురావాల్నంటే రమ్మని చెప్పాలె గద సార్?"

"చెప్పు."

"మాట్లాడుకోరంటున్న గద సార్."

శ్రీకాంత్ సార్ టీ కప్పు పెదాల దాకా తెచ్చి ఆపాడు. అప్పుడే గేటు దగ్గర కారు హారన్ వినబడింది. ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది.

పది గంటల సార్ కంప్యూటర్ల కంపెనీలో పెద్ద ఉద్యోగి. రెండేళ్లుగా వారానికి రెండుసార్లు వస్తున్నాడు. నీళ్ల సీసా పెట్టడానికి వెళ్లినప్పుడల్లా శాంతమ్మ చెవిన రెండు ముక్కలు పడతాయి. ఆ లెక్కన ఆయన ఇంకా ఏడో తరగతి దాటలేదు. ఈ పద్ధతి తనకు కుదరదని శాంతమ్మ అప్పుడే తేల్చుకుంది. తను ఇప్పుడు చిన్నప్పటి నుంచి మొదలుపెడితే, ఎస్తేరు సంగతి వచ్చేసరికి సాయంత్రం ఐదు కాదు, రెండు క్రిస్‌మసులు దాటుతాయి.

పదకొండున్నరకు మూడు చుక్కలు. ఆ మొగుడూ పెళ్లాలతో వెన్నెల మేడమ్ చేయించే పని విచిత్రంగా ఉంటుంది. ఆమె ఒక మాట అంటుంది. ఆయన జవాబు చెప్పకూడదు. ఆమె ఏమందో తిరిగి చెప్పాలి. "నేను ఇంటికి రాగానే నువ్వు ఫోన్ చూస్తావని నీకు బాధ" అని ఆయన అన్నాడు. "నువ్వు కాదు, నేను చూస్తానని కాదు, నువ్వు చూస్తావని" అని ఆమె అంది. ఇద్దరూ కాసేపు ఎవరు ఫోన్ చూస్తారో తెలియక తికమకపడ్డారు. వరండా ఊడుస్తున్న శాంతమ్మకూ తెలియలేదు. ఈ పద్ధతి బాగానే ఉంది గానీ, దీనికి ముందు ఎవరో ఒకరు నోరు విప్పాలి. అసలు చిక్కంతా అక్కడే.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పి తింటున్నప్పుడు, బల్ల మీద మిగిలిపోయిన కాగితం కనబడింది. ఆలోచనల కాగితం. వెన్నెల మేడమ్ తెలుగులో వేయించింది. ఏం జరిగింది? నీకేమనిపించింది? అది నిజమనడానికి రుజువేంటి? కాదనడానికి రుజువేంటి? శాంతమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. రోజూ బైబిలు చదువుతుంది. పెన్ను పట్టి మాత్రం చాలాకాలమైంది. ఎడమచేత్తో చపాతీ తింటూ కుడిచేత్తో రాసింది.

ఏం జరిగింది? అత్తమ్మ జ్ఞాపకార్థ కూడికలో ఎస్తేరు లేచి అందరి ముందట సాక్ష్యం చెప్పింది. ఆఖరి మూడు నెలలు అత్తమ్మకు నీళ్లు తాపిన చెయ్యి నాదే అన్నది.

నీకేమనిపించింది? నన్ను తీసి పక్కకు పారేసినట్టనిపించింది. అన్నం తినకుండ లేచి వచ్చిన.

నిజమనడానికి రుజువేంటి?

ఇక్కడ శాంతమ్మ పెన్ను ఆగింది. ఆ మూడు నెలలూ పూల సీజను. పొద్దున నాలుగింటికి పోయి రాత్రి ఎనిమిదింటికి వచ్చేది. పగలంతా అత్తమ్మ దగ్గర కూర్చుని చెంచాతో నీళ్లు తాపింది ఎస్తేరే. 'తనే తాపింది' అని రాసింది. కింద 'కాదనడానికి రుజువేంటి?' అన్నచోట చాలాసేపు చూసి, ఏమీ రాయలేదు. అబద్ధమైతే ఎప్పుడో మరిచిపోయేది. కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో పెట్టుకుంది. పదకొండేళ్ల కోపం నాలుగు గీతల్లో అయిపోయింది, చపాతీ ఇంకా సగం మిగిలింది.

రెండు గంటలకు రెండో గది ఖాళీగా ఉంది. తలుపు దగ్గరగా వేసి, ఒక చుక్కా ఒక సున్నా పద్ధతిలో కుర్చీలు వేసింది. ఒకదాంట్లో కూర్చుంది. ఆరేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఇంత మెత్తగా ఉంటుందని తెలియదు. ఇందులో కూర్చుంటే ఎవరికైనా ఏడుపొస్తుంది అనుకుంది.

ఎదుటి ఖాళీ కుర్చీలో ఎస్తేరును కూర్చోబెట్టింది. మెరూన్ చీర, ముక్కుకు చిన్న పుడక, ఈమధ్య ఉబ్బిన పాదాలు. "ఎస్..." అంది. కొంగు సర్దుకుంది. మళ్లీ, "ఎస్తే..." అంది. కుర్చీ ఖాళీగా, మర్యాదగా చూస్తోంది. అప్పుడు ఆవిడ చూపు మూలకు పోయింది. అక్కడ చెత్తకాగితాల నీలం డబ్బా ఉంది.

"ఏమే డబ్బా," అంది శాంతమ్మ, "ఎస్తేరు పోతున్నదంటనే. నిన్న చెప్పింది. పొద్దుగాల నల్లా కాడ అలికిడి లేకుంటే నాకు తెల్లారదు. అది బకెట్టు ఠంగుమని పెడితెనే లేస్త నేను. మా ఆయన జయరాజ్ నోరు తెరిస్తే 'ఊ' అంటడు, మూస్తే 'ఊ' అంటడు. ఇగ నేనెవరితోని కొట్లాడాలె చెప్పు..."

మాటలు నల్లాలో నీళ్లలా వచ్చేశాయి. ఎంతసేపు మాట్లాడిందో తెలియదు. తలుపు దగ్గర వెన్నెల మేడమ్ నిలబడి ఉంది.

"శాంతమ్మా, ఎవరితో?"

"డబ్బాతోని మేడమ్." దాచిపెట్టి లాభం లేదు కాబట్టి సంగతంతా చెప్పింది, బకెట్టుతో సహా. చెప్పి, "దీన్ని మీ చదువుల ఏమంటరు మేడమ్?" అని అడిగింది.

వెన్నెల మేడమ్ నవ్వు ఆపుకోవడానికో మరి దేనికో కింది పెదవి కొరికింది. "దీనికి పేరు లేదు శాంతమ్మా."

"మరి పేరున్న దాంట్ల నాకేది కుదురుతది?"

"ముందు నువ్వు ఇంటికెళ్లు. నాలుగింటి గుంపుకి కుర్చీలు నేను వేసుకుంటా."

"మీకు గుండ్రంగ రాదు మేడమ్. కోడిగుడ్డు లెక్క వస్తది," అని శాంతమ్మ తొమ్మిది కుర్చీలూ వేసి, రుమాళ్ల డబ్బా కుర్చీల వెనక దాచి, నాలుగింటికి పది నిమిషాలు ఉన్నాయనగా గేటు దాటింది.

శనివారం. చిల్కూరు గుడికి వెళ్లే కార్లతో రోడ్డు నిండిపోయింది. మొయినాబాద్ వెళ్లే షేర్ ఆటోలో, ఎనిమిదో మనిషిగా డ్రైవర్ పక్కన అరసీటులో కూర్చుని, శాంతమ్మ లోపల్లోపలే వల్లె వేసింది. ఎస్తేరూ. ఎస్తేరూ. ఎస్తేరూ. చిల్కూరు దారి చీలేచోట ఆటో పావుగంట ఆగిపోయింది.

"ఏమవ్వా, జపం జేస్తున్నవా?" అన్నాడు డ్రైవర్.

"నువ్వు బండి నడుపు బిడ్డా."

మొయినాబాద్‌లో దిగి ఇంకో ఆటో పట్టి, ఎంకపల్లి రోడ్డు మీద దిగి నడక కాని పరుగుతో వాకిట్లోకి వచ్చేసరికి ఐదుంబావు. ఆటో ఇంకా ఉంది. వెనక సీట్లో ఎస్తేరు కూర్చుంది, ఒళ్లో జిప్పు పెట్టిన బైబిలు సంచి. ప్రవీణ మూటలు సర్దుతోంది. నల్లా కింద ఎర్ర బకెట్టు ఉంది.

"పెద్దమ్మా, వచ్చినవా! అమ్మ ఇంకొంచెంసేపు ఆగుదాం ఆగుదాం అని కూసున్నది," అంది ప్రవీణ. ఎస్తేరు తల తిప్పుకుంది.

శాంతమ్మ ఆటోకు రెండడుగుల దూరంలో నిలబడింది. మరీ ఎదురుగా కాదు, మరీ పక్కన కాదు.

"ఎస్తేరూ."

వచ్చేసింది. పూల మడిలో అవతలి సాలులో ఉన్న మనిషిని కేకేసినట్టు, కావలసిన దానికంటే గట్టిగా వచ్చింది.

ఎస్తేరు ఉలిక్కిపడింది. రంగు పోయిన ముఖంతో శాంతమ్మను చూసింది, కూతుర్ని చూసింది, చివరికి నల్లా వైపు చూసింది.

"బకెట్టూ," అంది సన్నగా, "గీమె నా పేరు పెట్టి పిలుస్తున్నదేందే? నేను సచ్చిపోతున్ననని ఎవరన్న చెప్పిండ్రా?"

ప్రవీణ చేతిలో మూట అలాగే ఉండిపోయింది. పొద్దున్నుంచి తను వెతికిందంతా ఇలా భయపెట్టడానికా అనుకుంది శాంతమ్మ. ఏ పద్ధతిలో తప్పు చేసిందో తెలియలేదు. మెల్లగా పక్కకు తిరిగింది.

"లేదే బకెట్టూ," అంది. "ఎవలేం జెప్పలే. నోరు జారింది. ఆమెను ఫికర్ చెయ్యొద్దను."

ఎస్తేరు భుజాలు కిందికి దిగాయి. "అట్ల చెప్పు మరి," అంది బకెట్టుతో.

"బకెట్టూ, మందులు యాళ్లకు వేసుకోమను. నీళ్లు జాస్తి తాగొద్దంటరంట ఆ జబ్బుకు. దూపైతే నాలుక తడుపుకోమను, అంతే."

"ఎరుకేను బకెట్టూ."

"ఇంకోటి." శాంతమ్మ జాకెట్లోంచి కాగితం తీయబోయి మానుకుంది. "అత్తమ్మకు నీళ్లు తాపిన చెయ్యి తనదే. రుజువు గూడ రాసుకున్న."

ఆటో డ్రైవర్ ఒకసారి బకెట్టును, ఒకసారి ఇద్దరు ఆడవాళ్లను చూసి, అద్దం సరిచేసుకున్నాడు. ఎస్తేరు బైబిలు సంచి జిప్పును ఇటూ అటూ లాగింది.

"బకెట్టూ," అంది, "దినమంత పూలు కోసొచ్చి, అలిసిన పానంతోని, రాత్రిపూట అత్తమ్మకు ఒళ్లు కడిగి చీర మార్చింది ఎవరో నేను గూడ ఆరోజు చెప్పకపోతి. చెప్పాలనే లేచిన. నీళ్ల మాట దగ్గరికి రాంగనే ఏడుపొచ్చి కూసున్న. ఆ మిగిలింది ఇనకుండనే లేచిపాయె."

ప్రవీణ ఎక్కి తల్లి పక్కన కూర్చుంది. డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు. శాంతమ్మకు ఇప్పుడు ఎటు చూడాలో తెలియలేదు. బకెట్టునే చూసింది.

ఆటో కదులుతుండగా ఎస్తేరు తల బయటికి పెట్టింది.

"బకెట్టూ, నేను లేనప్పుడు అక్కను జర చూసుకో."

ఆటో సందు తిరిగింది. కాసేపు దాని చప్పుడు వినబడింది. తర్వాత అదీ లేదు. శాంతమ్మ గడప మీద కూర్చుంది. ఎదురింటికి తాళం కప్ప కొత్తది, మెరుస్తోంది. జయరాజ్ వచ్చాడు, తాళం చూశాడు, "పోయిందా?" అన్నాడు. ఆయనకు అది పెద్ద మాటే. శాంతమ్మ "ఊ" అంది.

ఆరింటికి నల్లా వచ్చింది. ముందు గాలి, తర్వాత ఎర్రనీళ్లు, తర్వాత తేటనీళ్లు. వైరుతో కట్టిన పిడి ఒక పక్కకు వాలి, నల్లా కింద ఎర్ర బకెట్టు నిండింది, అంచు దాటి వాకిట్లోకి పారుతూనే ఉంది.